రెండోసారి ఎర ముట్టని ఎలుక

వరి పొలంలో జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు కలిపిన ఎర పెడితే మొదటిసారి ఎలుకలు బాగానే చస్తాయి. పది రోజులాగి అదే మళ్లీ పెడితే పొట్లాలు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. రైతు మందు నకిలీదనుకుంటాడు. చాలాసార్లు తప్పు మందుది కాదు, బతికిపోయిన ఎలుకలు ఆ రుచిని గుర్తుపెట్టుకున్నాయి.

ఎలుక వాంతి చేసుకోలేదు. అందుకే కొత్త తిండిని ముందు కాస్తే కొరికి చూస్తుంది. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లం తగిలి ఫాస్ఫీన్ వాయువవుతుంది, గంటల్లోనే ఒంట్లో తేడా చేస్తుంది. చాలినంత తినని ఎలుక కోలుకుంటుంది, ఆ ఎర జోలికి మాత్రం మళ్లీ పోదు.

చప్పుడు వినిపించి షాక్ ఇచ్చే ప్రయోగాల్లో రెంటికీ మధ్య ఎడం కొద్దిగా పెరిగినా నేర్చుకోవడం కష్టమవుతుంది. రుచికీ వికారానికీ మధ్య గంటలు గడిచినా ఒక్కసారికే ముడిపడిపోతుంది. పైగా ఆ ముడి దేనితో పడితే దానితో పడదు. 1966లో గార్సియా, కోలింగ్ అనే మనస్తత్వ పరిశోధకులు ఎలుకలకు రుచి కలిపిన నీళ్లు పెట్టి, నాలుక తగిలినప్పుడల్లా వెలుగూ చప్పుడూ వచ్చేలా చేశారు. తర్వాత కొన్నిటికి జబ్బు తెప్పించారు, కొన్నిటికి షాక్ ఇచ్చారు. జబ్బుపడ్డవి రుచిని మానేశాయి, షాక్ తిన్నవి వెలుగూ చప్పుడూ వచ్చే నీళ్లను మానేశాయి.

రుచి జాడ మెదడులో రుచిని పసిగట్టే ఇన్సులా అనే భాగంలో నిలుస్తుంది. విషం కబురు కడుపు నుంచి మెదడుకు వెళ్లే వేగస్ నాడి ద్వారా, రక్తంలో విషాన్ని కనిపెట్టుకునుండే ఏరియా పోస్ట్రీమా అనే మెదడు భాగం ద్వారా మెదడు కాండానికీ, అక్కడి నుంచి భయం లాంటి ఉద్వేగాలు చూసుకునే అమిగ్డాలకీ చేరుతుంది. ఇందులో తర్కానికి చోటు తక్కువ. కీమోథెరపీకి ముందు తిన్న పదార్థం మీద రోగులకు ఏవగింపు పుడుతుంది, వికారం మందు వల్లేనని తెలిసినా సరే.

పొలంలో దీనికి విరుగుడు ముందస్తు ఎర, అంటే ముందు మందు లేని ఎర పెట్టడం. సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూసి, మర్నాడు తెరుచుకున్నవాటినే లెక్కలోకి తీసుకోవాలి. రెండు రోజులు నూనె పట్టించిన ఉత్త నూకలే పెడితే బెరుకు పోతుంది. మూడో రోజు 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల జింక్ ఫాస్ఫైడ్ కర్రతో కలిపి, బొరియకు 10 గ్రాముల పొట్లం చొప్పున పెట్టాలి. తొందరపడి ఈ రెండు రోజులూ ఎగ్గొట్టడం దగ్గరే పని చెడుతుంది: ఎలుక రుచి చూసి వదిలేస్తుంది.

రెండో విడతకు మందు మార్చాలి. అదే పాళ్లలో జింక్ ఫాస్ఫైడ్ బదులు బ్రోమడయోలోన్ అనే మరో ఎలుకల మందు 0.25 శాతం పొడి కలిపితే ఎరలో 0.005 శాతం పడుతుంది. ఇది రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజులకు గానీ చంపదు. అన్ని రోజుల ఎడాన్ని ఎలుక మెదడు కలపలేదు, తింటూనే ఉంటుంది. పొరపాటున మనుషులు తింటే దీనికి విరుగుడుగా విటమిన్ కె1 ఉంది. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు మందే లేదు, మిగిలిన పొట్లాలు ఏరి పాతిపెట్టాల్సిందే.