ముక్కు సన్నదైతే గాలి కొట్టదా? రైలు మొహం గురించి అపోహలు - వాస్తవాలు

వందేభారత్ చంద్రపూర్, బల్లార్షాల్లో ఆగడం మొదలైనప్పటి నుంచి ప్లాట్‌ఫారం మీద ఒకటే మాట వినబడుతోంది: "దాని ముక్కు సన్నం కదన్నా, గాలిని కోసుకుంట పోతది. పక్కన నిలబడ్డా ఏం కాదు. మాల్‌గాడికే భయపడాలె." ఇందులో సగం నిజం ఉంది. ఆ సగం నిజమే జనాన్ని పసుపు గీత దాటిస్తోంది. అందుకే మిగతావాటి కన్నా దీని గురించే ఎక్కువ చెప్పాలి.

అపోహ: ఇంజన్ దాటిపోతే గండం గడిచినట్టే.

కానే కాదు. 2022 సెప్టెంబరులో కాజీపేట-బల్లార్షా సెక్షన్ వేగం గంటకు 130 కిలోమీటర్లకు పెరిగింది. అంటే సెకనుకు 36 మీటర్లు. విరూర్ లాంటి చిన్న స్టేషన్‌లో, ప్లాట్‌ఫారం అంచున ఖాళీ టీ కప్పు ఒకటి పడి ఉందనుకోండి. ఆగని బండి ముక్కు దగ్గరికి రాగానే కప్పు మన వైపు జరుగుతుంది, ముందున్న గాలి నలిగి పక్కలకు తోసుకొస్తుంది కాబట్టి. ముక్కు దాటిన మరుక్షణం పట్టాల వైపు ఒక గుంజు. ఈ రెండూ కలిపి రెప్పపాటే. ముక్కు ఆకారం గొప్పగా పనిచేసేది ఇక్కడ: మామూలు ఎక్స్‌ప్రెస్‌లను లాగే మొండి మొహం కరెంటు ఇంజన్ డబ్ల్యూఏపీ-7 కొట్టే దెబ్బ గట్టిగా ఉంటుంది, వంపు తిరిగిన ముక్కుది మెత్తగా ఉంటుంది.

అసలు సంగతి ఆ తర్వాతే. డబ్బాల గోడలకు రాసుకున్న గాలి బండితో పాటే పరుగెడుతుంది. డబ్బా డబ్బాకూ ఆ పొర మందమవుతుంది. కప్పు బండి పోయే దిక్కుకే దొర్లుతుంది. ఆఖరి డబ్బా దాటాక, బండి వదిలిన ఖాళీలోకి రెండు పక్కల గాలీ సుడులు తిరుగుతూ దూకుతుంది. కప్పు పట్టాల మీద పడేది అప్పుడే. నున్నగా చెక్కిన వేగపు బండ్లలో అన్నిటికన్నా పెద్ద గాలి చాలాసార్లు తోక వెనకే వస్తుంది. సరిగ్గా ఆ క్షణానే మనవాళ్లు "పోయింది పోయింది" అంటూ సంచులెత్తుకుని ముందుకు కదులుతారు.

మాల్‌గాడి సంగతి వేరు. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ల గోడలకు నిలువు బద్దలు, మధ్యలో ఖాళీలు. 75 కిలోమీటర్లకే దాని పక్కన గాలి పొడవునా ఎగుడుదిగుడుగా, తెరలు తెరలుగా కొడుతుంది, పైగా బొగ్గు దుమ్ము కళ్లలో పడుతుంది. నెమ్మది బండే కదా అని దగ్గరికి పోవద్దు.

బండి మనిషిని మింగేస్తుందన్న భయం కూడా ఉంది. పిల్లల చేయి వదలని అమ్మలను చూసి ఎవరూ నవ్వొద్దు, వాళ్లు చేసేది సరైన పనే. అయితే బండి మనిషిని గాల్లోకి లేపి లాక్కోదు, నిలకడ తప్పిస్తుంది. సెకనుకు 15 మీటర్ల గాలి నిలబడ్డ మనిషిని 9, 10 కిలోల బలంతో తోస్తుంది. అది చెప్పాపెట్టకుండా వస్తే, ఒంటికాలి మీద బరువేసి ఫోన్ చూస్తున్న వాడు తూలిపోతాడు. కాబట్టి పసుపు గీతకు రెండు అంగల వెనక, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడండి. కొంగు, తువ్వాలు దోపుకోండి. చక్రాల సూట్‌కేసు అయితే పడుకోబెట్టండి. పిల్లల బండి అయితే చక్రాలు పట్టాలకు సమాంతరంగా ఉంచి బ్రేకు వేసి, చేత్తో పట్టుకోండి. ఆఖరి డబ్బా దాటాక పది లెక్కపెట్టి, అవతలి లైన్లో ఇంకో బండి లేదని చూసుకున్నాకే కదలండి.

అపోహ: వేగమంతా ముక్కులోనే ఉంది.

గాలి అడ్డు వేగం వర్గంతో, దాన్ని నెట్టే పవరు వేగం ఘనంతో పెరుగుతాయి. 110 నుంచి 130కి పోతే అడ్డు 40 శాతం, పవరు 65 శాతం ఎక్కువ. నిజమే. కానీ పొడవాటి బండిలో ఆ అడ్డు చాలావరకు డబ్బాల గోడలు, కింద చక్రాల చట్రాలు (బోగీలు), డబ్బాల మధ్య సందులు, పైన తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ దగ్గర పుడుతుంది. వందేభారత్ స్టేషన్ వదలగానే దూసుకుపోయేది ముక్కు వల్ల కాదు, సగం డబ్బాలకు మోటార్లుండటం వల్ల. రెండు కొసలా అదే ముక్కు ఎందుకంటే, తిరుగు ప్రయాణంలో అదే తోక అవుతుంది. తోక మొండిగా ఉంటే వెనక్కి లాగుతుంది.

అపోహ: జపాన్ బండ్ల పొడుగు ముక్కు వేగం కోసమే.

ముఖ్యంగా సొరంగాల కోసం. 1997లో 300 కిలోమీటర్లతో నడిచిన 500 సిరీస్ షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు)కు 15 మీటర్ల ముక్కు పెట్టారు. బండి సొరంగంలోకి దూరగానే నలిగిన గాలి నొక్కు అలలా ధ్వని వేగంతో అవతలి కొసకు పోయి ఫిరంగిలా పేలుతుంది. పొడుగు ముక్కు ఆ నొక్కును నెమ్మదిగా పెంచుతుంది.

ఎదురు బండి దాటినప్పుడు కిటికీ "దబ్" మంటే కంగారు పడొద్దు. అది రెండు ముక్కుల గాలి తాకిడి, అద్దం దాన్ని ఓర్చుకునేలానే బిగిస్తారు.

ఇక గేదె తగిలితే ముక్కు పగిలింది, నాసిరకం అనేవాళ్లకు: అది ఫైబర్ తొడుగు. దాని వెనక బండ్లను తగిలించే కొక్కెం (కప్లర్), ఆపైన ఉక్కు చట్రం ఉంటాయి. 2022 అక్టోబరులో గాంధీనగర్-ముంబై వందేభారత్‌కు గేదెలు తగిలి తొడుగు ఊడితే, కొత్తది బిగించి మర్నాడే బండి నడిపారు.