కార్డ్ కదలకపోయినా గొంతు వస్తుంది

థైరాయిడ్ ఆపరేషన్ అయినాక గొంతు బొంగురుపోయి, నాలుగు మాటలకే ఆయాసమొచ్చి, ఈఎన్‌టీ డాక్టర్ స్కోప్ వేసి చూసి "ఎడమ వోకల్ కార్డ్ కదలడం లేదు" అన్నాడంటే ఇంట్లో వాళ్ళంతా ఇక గొంతు పోయినట్టే అనుకుంటారు. వోకల్ కార్డులంటే గొంతుపెట్టెలో ఉండే రెండు మడతలు, అవి దగ్గరకొచ్చి అదిరితేనే గొంతు వస్తుంది. మా చిన్నమ్మకి అట్లే అయింది, తిరుపతిలో శనివారం భజనలో అన్నమయ్య కీర్తన ఎత్తుకుంటే వీధి చివరికి వినపడేది, ఆపరేషన్ తర్వాత ఫోన్లో హలో అన్నా ఉత్త గాలే వచ్చేది. అందుకే రాస్తున్నా, కార్డ్ కదలడం వేరు, గొంతు రావడం వేరు.

ముందు ఆ కార్డ్‌ని కదిలించే నరం సంగతి. మెదడు నుంచి దిగే పదో నరం వేగస్, దాని కొమ్మే ఇది, పేరు రికరెంట్ లారింజియల్ నర్వ్. గొంతుపెట్టె మెడలోనే ఉంది కదా, నేరుగా రావచ్చు, రాదు. ఎడమవైపుది ఛాతీలోకి దిగి, గుండె పైనుండే బృహద్ధమని కిందుగా తిరిగి మళ్ళీ పైకెక్కుతుంది, గాంధీ రోడ్డు నుంచి తిలక్ రోడ్డుకి పోవాలంటే రేణిగుంట దాకా పోయొచ్చినట్టు. పిండంగా ఉన్నప్పుడు గుండె మెడ దగ్గరే ఉంటుంది, కిందికి దిగుతా నరాన్నీ లాక్కుపోతుంది. అందుకే గుండె ఆపరేషన్లో కూడా దీనికి దెబ్బ తగలొచ్చు. థైరాయిడ్‌కైతే వెనకాలే ఆనుకుని పోతుంది, సర్జన్ ఎంత జాగ్రత్తపడినా, నరం తెగకపోయినా, కాస్త సాగినా వేడి తగిలినా పనిచేయడం ఆపేస్తుంది.

పైపైన నలిగితే వారాల్లో, ఒకటి రెండు నెలల్లో కోలుకుంటుంది. లోపలి తీగలు తెగితే మాత్రం మళ్ళీ పెరగాలి, అది రోజుకి సుమారు 1 మిల్లీమీటరు, అంటే నెలల పని. ఇక్కడే అసలు విశేషం. కార్డ్‌ని మూసే కండరాలకి పోయే తీగలు, తెరిచే కండరానికి పోయే తీగలు ఈ ఒక్క నరంలోనే కలిసుంటాయి, తిరిగి పెరిగేటప్పుడు కలగాపులగం అయిపోతాయి, మూసే తీగ పోయి తెరిచే కండరానికి అతుక్కుంటుంది, రెండూ ఒకేసారి లాగితే కార్డ్ ఎటూ కదలదు. స్కోప్‌లో చూస్తే పక్షవాతమే. కానీ కండరానికి నరం అందింది కాబట్టి అది చిక్కిపోదు, బిగువుగా మధ్యకి దగ్గరగా నిలబడుతుంది, బాగున్న కార్డ్ వచ్చి దానికి ఆనుకుంటుంది, మధ్యలో గాలి పోవడం తగ్గి మాట పలుకుతుంది. నాకైతే ఇది ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యమే.

అందుకే కోలుకునే అవకాశం ఉన్నప్పుడు శాశ్వతమైన సర్జరీకి డాక్టర్లు మామూలుగా 9 నుంచి 12 నెలలు ఆగుతారు. ఆగడమంటే నోరు మూసుకుని కూర్చోవడం కాదండీ. స్పీచ్ థెరపీ ఉంది, కార్డ్‌లోకి జెల్ ఇంజెక్షన్ ఇచ్చి మధ్యకి జరిపితే గొంతు వెంటనే మెరుగవుతుంది, ఆ జెల్ కొన్ని నెలల్లో కరిగిపోతుంది, ఆలోపు నరానికి టైం దొరుకుతుంది. అప్పటికీ రాకపోతే థైరోప్లాస్టీ, అంటే గొంతుపెట్టె పక్కన చిన్న ముక్క అమర్చి కార్డ్‌ని శాశ్వతంగా మధ్యకి జరిపే ఆపరేషన్, జపాన్ డాక్టర్ ఇషికి 1974లో వివరించిన పద్ధతి. నీళ్ళు, మజ్జిగ పొలమారుతుంటే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు, గడ్డం కిందికి దించి చిన్న గుక్కలు తాగితే చాలామందికి తేలికవుతుంది.

రెండు కార్డులూ ఆగిపోతే కథ వేరే. రెండూ మధ్యలోనే నిలిచిపోతాయి కాబట్టి మాట దాదాపు బాగానే ఉండొచ్చు, ఊపిరికే దారి ఉండదు. మాట బాగుందిలే అని తెల్లారేదాకా ఆగొద్దు, గాలి పీల్చేటప్పుడు కూతలాంటి శబ్దం వస్తే ఆ క్షణమే ఎమర్జెన్సీకి తీసుకుపోండి.