పాత బడి ఇళ్లుగా మారాలంటే: అపోహలు - వాస్తవాలు

మూతపడిన బడి భవనాలను అద్దె ఇళ్లుగా, కళా కేంద్రాలుగా మార్చే పనిలో ఉన్న ఆర్కిటెక్టును నేను. అమెరికాలో స్థిరపడి ఇలాంటి భవనాల మీద పెట్టుబడి పెడదామనుకునే తెలుగువారు తరచూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఉదాహరణగా న్యూయార్క్ ఈస్ట్ హార్లెంలోని పీఎస్ (పబ్లిక్ స్కూల్) 109ని తీసుకుంటాను. 1898లో కట్టిన అయిదంతస్తుల ప్రభుత్వ బడి అది. 1990ల మధ్యలో మూతపడి, కూల్చివేత దాకా వెళ్లింది. ఆ పేట జనం అడ్డుపడి ఆపారు. ఆర్ట్‌స్పేస్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఒక స్థానిక సంస్థతో కలిసి దాదాపు 5.2 కోట్ల డాలర్లతో దాన్ని బాగుచేసింది. ఇప్పుడు అందులో కళాకారుల కుటుంబాలకు 89 ఇళ్లు, పేటవాసులకూ కళాసంస్థలకూ సుమారు 10,000 చదరపు అడుగుల జాగా ఉన్నాయి.

అపోహ: వెడల్పాటి కారిడార్లు, సభామందిరం వృథా జాగా. అడ్డుగోడలు కట్టేస్తే ఇంకో పది ఇళ్లు వస్తాయి.

వాస్తవం: అందరూ మొదట అడిగేది ఇదే. పనిని ఎక్కువగా చెడగొట్టేదీ ఇదే. 1891 నుంచి 1923 వరకు న్యూయార్క్ బడి భవనాల నిర్మాణం సీ.బీ.జే. స్నైడర్ అనే ఆర్కిటెక్టు చేతిలో ఉండేది. ఇరుకు వీధుల మధ్య స్థలాల్లో కూడా ప్రతి తరగతికీ గాలి, వెలుతురు అందాలని ఆయన ఇంగ్లీషు ‘హెచ్’ అక్షరం ఆకారంలో ప్లాను గీశాడు. పీఎస్ 109 ఆ వరుసలోనిదే. ఉక్కు చట్రం బరువు మోస్తుంది కాబట్టి గోడల్లో పెద్ద పెద్ద కిటికీలు పెట్టగలిగాడు. అలాంటి గదిని మధ్యకు కోస్తే ఒక సగానికే వెలుతురు దక్కుతుంది, రెండో సగం చీకటి కొట్టు అవుతుంది.

అందుకే మేము చాలావరకు ఒక తరగతి గదిని ఒక ఇల్లుగానే ఉంచుతాం. కిటికీల వైపు పైకప్పు ఎత్తు తగ్గించం. వంటగది, స్నానాల గది కారిడార్ వైపు గోడకు ఆనించి పెడతాం. గాలి గొట్టాలు, తీగలు, నిప్పు ఆర్పే నీటి పైపులు కనబడకుండా అక్కడ మాత్రం కప్పు కిందికి దించుతాం. పై అంతస్తు స్నానాల గది కింది అంతస్తు స్నానాల గదికి సరిగ్గా మీద పడేలా చూసుకుంటే పైపుల ఖర్చు తగ్గుతుంది, తర్వాత లీకు వెతకడమూ తేలికవుతుంది. నల్లబల్ల, చెక్క అంచులు, పాత తలుపు చట్రం గదిలోనే ఉంచమని నేను పట్టుబడతాను. ఇక కారిడార్ సంగతి. పక్కింటి వాళ్లతో మాట కలిసేది, బొమ్మలు గోడకు వేలాడేది, పిల్లలు వానాకాలం ఆడుకునేది అక్కడే. చారిత్రక భవనాల మరమ్మతుకు ఇచ్చే ప్రభుత్వ పన్ను రాయితీ కావాలంటే కారిడార్‌ను, సభామందిరాన్ని ముక్కలు చేయడానికి పరిశీలకులు సాధారణంగా ఒప్పుకోరు కూడా. కళలకు చోటు ఎక్కడినుంచో తెచ్చి అతికించనక్కర్లేదు. బడి కట్టినవాడే అది ఇచ్చి పోయాడు.

అపోహ: చారిత్రక స్థలాల జాతీయ జాబితా అయిన నేషనల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కితే మేకు కొట్టడానికి కూడా వీల్లేదు.

వాస్తవం: సొంత డబ్బుతో, సమాఖ్య ప్రభుత్వ సహాయమో అనుమతో అవసరం లేకుండా చేసే పనికి ఆ రిజిస్టర్ అడ్డు కాదు. ఆంక్షలు పెట్టేది నగరం ఇచ్చే వారసత్వ గుర్తింపు. ఈ రెండూ వేరు. కొనేముందు ఏది వర్తిస్తుందో నగర కార్యాలయంలో కనుక్కోండి.

అపోహ: పన్ను రాయితీ వస్తుంది కాబట్టి ఫ్లాట్లు కట్టి వెంటనే అమ్ముకోవచ్చు.

వాస్తవం: అర్హమైన మరమ్మతు ఖర్చులో 20 శాతం సమాఖ్య రాయితీ నిజమే. అయిదేళ్లలో విడతలుగా వస్తుంది. కానీ అది ఆదాయం తెచ్చే భవనానికే, అంటే అద్దెకు ఇచ్చేదానికే. సొంతంగా ఉండే ఇంటికి రాదు. పని పూర్తయిన అయిదేళ్లలోపు అమ్మితే అందుకున్నదాంట్లో కొంత తిరిగి కట్టాలి. పాత బడి పథకాల్లో అద్దె ఇళ్లే ఎక్కువగా కనబడటానికి ఇదొక కారణం. ఇంకో కారణం, తక్కువ ఆదాయం వారి ఇళ్లకు ఇచ్చే పన్ను రాయితీని దీనితో జోడించే వీలుండటం.

అపోహ: ఏళ్ల తరబడి పాడుబడిన భవనం ఇక దేనికీ పనికిరాదు.

వాస్తవం: హార్లెంలోనే ఉన్న పీఎస్ 186 1975లో మూతపడింది. కిటికీల్లోంచి చెట్లు మొలిచిన భవనం అది. దాన్ని కూడా బాగుచేసి 79 ఇళ్లు, పిల్లల క్లబ్బు ఏర్పాటు చేశారు. పాత భవనానికి వయసుకన్నా నీరు ప్రమాదం. పైకప్పు, వాననీటి గొట్టాలు మూడు నాలుగేళ్లు పట్టించుకోకపోతే కలిగే నష్టం అంతకుముందు వందేళ్లలో జరగదు. డబ్బు పోగయ్యేలోపు చేయవలసిన మొదటి పని కప్పు మూయడం.

అపోహ: పాత ఇటుక గోడ సందుల్లో సిమెంటు నింపితే గట్టిపడుతుంది.

వాస్తవం: ఆ కాలపు గోడల్లో ఇటుక మెత్తన, మధ్యలో పెట్టింది సున్నం. గోడలో చేరిన తడి సున్నం గుండా బయటికి ఆవిరైపోతుంది. సందుల్ని గట్టి సిమెంటుతో మూసేస్తే ఆ తడికి ఇటుకే దారి అవుతుంది. చలికాలంలో అది గడ్డకట్టి ఉబ్బితే ఇటుక ముఖం పొరలుగా ఊడిపోతుంది. ఇలాంటి గోడ దగ్గర నిలబడి చూడండి. సిమెంటు గీతలు చెక్కుచెదరకుండా ముందుకు పొడుచుకొని ఉంటాయి, వాటి మధ్య ఇటుకలు గుంటలు పడి ఉంటాయి. వేళ్లతో రుద్దితే ఎర్రటి పొడి రాలుతుంది. మన ఊళ్లలో డంగు సున్నంతో కట్టిన పాత మేడలకూ ఇదే బెడద. మళ్లీ సున్నంతోనే నింపాలి, ఇటుకకన్నా మెత్తగా ఉండేలా.

అపోహ: కళాకారుల ఇళ్లంటే పేరున్నవాళ్లకే ఇస్తారు.

వాస్తవం: మొదట చూసేది ఆదాయ పరిమితి. ఎంపిక సంఘం దరఖాస్తుదారుకు కళ మీద ఉన్న పట్టుదలను అడుగుతుంది, బొమ్మ బాగుందా లేదా అని మార్కులు వేయదు. కళా, సాహిత్య రంగాల వారికి ఇలా ప్రాధాన్యం ఇవ్వవచ్చని 2008 నాటి చట్టం స్పష్టం చేసింది. పీఎస్ 109లో ఇళ్లలో సగం ఈస్ట్ హార్లెం వాసులకే కేటాయించారు. 89 ఇళ్లకు 53,000కు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఇలాంటి ఇళ్లు చాలడం లేదనడానికి ఇంకో రుజువు నాకు అవసరం లేదు. ఒక పేటలో కళ బతకాలంటే కళాకారుడు అక్కడ అద్దె కట్టగలగాలి.

అపోహ: కళా కేంద్రం ఒకసారి తెరిస్తే దానంతట అదే నడుస్తుంది.

వాస్తవం: నడవదు. నాటకం ముగిశాక వందమంది బయటికి వెళ్లేది ఇళ్లలో ఉన్నవారి గుమ్మాల ముందు నుంచి కాకూడదు. అందుకని కేంద్రానికి విడిగా ప్రవేశం కావాలి, చక్రాల కుర్చీ వెళ్లే వాలుదారితో సహా. పాత బడులకు వీధి మెట్లు ఎక్కువ కాబట్టి ఈ ఒక్క దారికే చాలా కసరత్తు పడుతుంది. కరెంటు మీటరు వేరుగా ఉండాలి. మరుగుదొడ్లు కిందనే ఉండాలి. డప్పుల సాధన గదికి పైనున్న ఇంటి నేలలో శబ్దాన్ని ఆపే పొరలు వేయాలి. ఆ పొరలు నిర్మాణ దశలోనే పడాలి, జనం చేరాక నేల తవ్వలేం. వీటన్నిటికన్నా ముఖ్యం, ఊడ్చేవారి జీతం, వెచ్చదనం ఖర్చు, బీమా ఎవరు కడతారన్నది. నా దగ్గరికి వచ్చే చాలా ప్రతిపాదనల్లో కేంద్రం బొమ్మ రంగుల్లో అందంగా ఉంటుంది, ఈ పద్దు మాత్రం ఉండదు. మొదటి అయిదేళ్ల పద్దు చూపించేదాకా నేను ప్లాను గీయడం మొదలుపెట్టను.