భూకంపాలూ మన అపార్ట్‌మెంట్లూ: బెజవాడలో తరచూ వినే అపోహలు

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే, 200 కిలోమీటర్లు దాటి ఉన్న విజయవాడలోనూ ఆ అదురు తెలిసింది. స్ట్రక్చరల్ ఇంజినీరుగా ఆ తర్వాత నేను పదే పదే విన్న మాటలివి.

అపోహ: మనవైపు భూకంపాలు రావు.

1967లో ఒంగోలులో 5.4, 1969లో భద్రాచలంలో 5.7 తీవ్రతతో వచ్చాయి. భూకంపాలను తట్టుకునే డిజైన్‌కి మన దేశంలో వాడే కోడ్ ఐఎస్ 1893 (2016) మ్యాప్‌లో విజయవాడ, గుంటూరు రెండూ ఓ మోస్తరు ప్రమాదమున్న జోన్ 3లోనే ఉన్నాయి. 1993లో లాతూరు ప్రాంతంలో వేలమంది చనిపోయారు. ఆ భూకంప కేంద్రం దగ్గరున్న కిల్లారి ఊరు అప్పటి మ్యాప్‌లో అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్ 1లో ఉండేది.

అపోహ: స్టీలు దండిగా వేయిస్తే బిల్డింగ్‌కి ఢోకా లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. టన్నుల లెక్క అడిగే ఓనర్లు రింగుల గురించి అడగరు. పిల్లర్‌లో నిలువు రాడ్లను పట్టి ఉంచేవి రింగులే. రింగు కొసలను మామూలు ఎల్ ఆకారంలో 90 డిగ్రీలకు వంచి వదిలేస్తే, ఊపుకి పైన కాంక్రీటు పెచ్చు ఊడగానే అవి విచ్చుకుంటాయి. అప్పుడు రాడ్లు బయటికి వంగిపోతాయి, పిల్లర్ నలిగిపోతుంది. అదే 135 డిగ్రీలకు వంచితే కొస పిల్లర్ లోపలికి దిగి గట్టిగా పట్టుకుంటుంది. 8 ఎంఎం రింగుకి ఆ కొస కనీసం 65 మిల్లీమీటర్లు ఉండాలని, భూకంపాలను తట్టుకునేలా స్టీలు ఎలా వేయాలో చెప్పే కోడ్ ఐఎస్ 13920 చెబుతోంది. పిల్లర్ కింద, పైన రింగులు దగ్గర దగ్గరగా పడాలి, 100 మిల్లీమీటర్ల ఎడం దాటకూడదు. రాడ్ల అతుకు స్లాబ్ మీద మొదలుపెట్టకుండా, పిల్లర్ ఎత్తులో నడిమి భాగంలో వేయాలి. "ఎప్పుడూ ఇలాగే వేస్తున్నామండీ" అని మేస్త్రి అన్నా సరే, కాంక్రీటు పోయకముందే మీరు వెళ్లి చూడండి. పోశాక ఎవరూ చూడలేరు.

అపోహ: మా అపార్ట్‌మెంట్ రిక్టర్ స్కేలు మీద 8 వచ్చినా తట్టుకుంటుంది.

బ్రోచర్‌లో ఇలా రాస్తే నమ్మకండి. భూకంపం ఎంత దూరంలో వచ్చింది, కింద ఉన్నది ఎలాంటి నేల అన్నదాన్నిబట్టి ఊపు మారుతుంది. కృష్ణ ఒండ్రు లాంటి మెత్తని నేల రాతి నేలకన్నా ఎక్కువ ఊగుతుంది. పైగా కోడ్ లక్ష్యం, పెద్ద భూకంపంలో బిల్డింగ్ పగుళ్లిచ్చినా కూలకుండా లోపలివాళ్లు ప్రాణాలతో బయటపడటం.

అపోహ: కింద పార్కింగ్, పైన ఐదంతస్తులు... అందరివీ అంతేగా!

2001 భుజ్ భూకంపంలో, 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో ఇలాంటి అపార్ట్‌మెంట్లే కూలాయి. పై అంతస్తుల్లో ఇటుక గోడలు బిగువిస్తాయి. కింద ఒట్టి పిల్లర్లే ఉంటాయి కాబట్టి ఊపంతా వాటి మీదే పడుతుంది. కొత్తగా కట్టేవాళ్లు పార్కింగ్‌లో కొన్ని చోట్ల కాంక్రీటు గోడలు పెట్టమని డిజైన్‌లోనే అడగండి. రెండు కార్ల చోటు పోయినా పరవాలేదు. ఇప్పటికే ఉన్న బిల్డింగ్‌లకైతే పిల్లర్లకు జాకెటింగ్ (చుట్టూ అదనంగా స్టీలు, కాంక్రీటు తొడగడం) చేయొచ్చు, గోడలూ జోడించొచ్చు. అయితే ముందు ఇంజినీరుతో పరీక్ష చేయించి, ఆ లెక్క ప్రకారమే చేయించండి. ఫ్లాట్ల వాళ్లందరూ కలిసి వేసుకోవాల్సిన ఖర్చు ఇది, రంగులు వేయించేందుకు కూడబెట్టిన డబ్బు ఉంటే ముందు దీనికి వాడండి.