మట్టి గ్రౌండ్ నుంచి హాకీ ఎలా దూరమైంది?

కర్నూలు, అనంతపురం జిల్లాల్లో హాకీ స్టిక్ పట్టే పిల్లలు ఎక్కువమంది హైస్కూలు గ్రౌండ్‌లో, గరుసు నేల మీదే ఆట నేర్చుకుంటారు. బంతి రాయికి తగిలి ఎటు ఎగురుతుందో తెలియదు కాబట్టి, నడుం బాగా వంచి, స్టిక్ నేలకు ఆనించి దాన్ని ఆపడం అలవాటు చేసుకుంటారు. తీరా పెద్ద పోటీలకు పోతే అక్కడ టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి పరిచిన నేల, ఉంటుంది. బంతి రెండింతల వేగంతో జారిపోతుంటే తడబడతారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు.

హాకీ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1908లో, లండన్‌లో. నడిపించే అంతర్జాతీయ సమాఖ్య లేదని 1924 పారిస్ పోటీల్లో తీసేశారు. ఆ ఏడాదే పారిస్‌లో అంతర్జాతీయ హాకీ సమాఖ్య (ఎఫ్‌ఐహెచ్) పుట్టింది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆట తిరిగొచ్చింది, స్వర్ణం మనకొచ్చింది. అక్కడి నుంచి 1956 దాకా వరుసగా ఆరు స్వర్ణాలు! 1936 బెర్లిన్ ఫైనల్లో ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో ఓడించింది. 1960లో పాకిస్తాన్ ఒక్క గోలుతో ఆ వరుస తెంచింది. 1975లో కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్ కూడా గెలిచాం. ఇవన్నీ పచ్చిక మీద ఆడిన ఆటలే.

మరుసటి ఏడాదే, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో, తొలిసారి కృత్రిమ టర్ఫ్ పరిచారు. మనం ఏడో స్థానంలో నిలిచాం. పచ్చిక మీద బంతి కాస్త నెమ్మదిస్తుంది, మణికట్టు తిప్పి ఒకరిద్దరిని దాటించడానికి వీలు దొరుకుతుంది. టర్ఫ్ మీద ఆ వ్యవధి ఉండదు. దమ్ము, పరుగు, దూరం పాసులు కావాలి. అయినా ఓటములన్నీ టర్ఫ్ మీదికే తోసేయడం సరికాదు. పాకిస్తాన్ 1984లో లాస్ ఏంజెలిస్ టర్ఫ్ మీదే స్వర్ణం కొట్టింది. మన దగ్గర టర్ఫ్ ఆలస్యంగా వచ్చింది, వచ్చినా పెద్ద ఊళ్లు దాటలేదు. 1980 మాస్కో తర్వాత స్వర్ణం లేదు. 2008 బీజింగ్‌కైతే అర్హతే దక్కలేదు. టోక్యో, పారిస్‌లలో వచ్చిన కాంస్యాలు ఎన్నో ఏళ్ల ఆకలి తీర్చాయి.

రాయలసీమకు ఇంకో చిక్కుంది, నీళ్లు. పెద్ద పోటీల టర్ఫ్‌ను మ్యాచ్‌కు ముందు బాగా తడపాలి, లేకుంటే బంతి సాఫీగా జారదు, పడితే మోకాళ్లు గీరుకుపోతాయి. వేసవిలో తాగునీటికే ట్యాంకర్ల కోసం చూసే ఊళ్లలో గ్రౌండ్‌కు అన్ని నీళ్లు పొయ్యమని ఎవరు అడగగలరు? నీటి అవసరం తగ్గించాలని ఎఫ్‌ఐహెచ్ కూడా కొన్నేళ్లుగా ప్రయత్నిస్తోంది. 2024 పారిస్‌లో తక్కువ నీటితో నడిచే టర్ఫ్ వేశారు. మన జిల్లాల్లో టర్ఫ్ కావాలని అర్జీ పెట్టేవాళ్లు ఇలాంటిదే అడగాలి.