లాక్ తీయకుండానే మాటతో పని: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

చేతులు కదపడం కష్టమైనవారికి, చూపు తగ్గినవారికి మాటతో ఫోన్ వాడటం నేర్పడం నా వృత్తి. ఫోన్ కంటే ముందు నేను సరిచేయవలసి వచ్చేది, దాని గురించి ఇంటిల్లిపాదిలో స్థిరపడిపోయిన నమ్మకాలను. లాక్ చేసిన ఫోన్ ఎవరి మాటకైనా తెరుచుకుంటుందని కొందరు భయపడుతూ ఉంటే, లాక్ వేసి ఉన్నంతసేపు దాని దగ్గర ఎవరు ఏం మాట్లాడినా ఏమీ కాదని మరికొందరు ధీమాగా ఉంటారు. ఈ రెండు నమ్మకాలూ ఒకే ఇంట్లో కాపురం చేయడం కూడా చూశాను. రెండింటికీ మూలం ఒకటే. పిలిస్తే ఫోన్ పలకడాన్నీ, ఫోన్ తాళం తెరుచుకోవడాన్నీ ఒకే పనిగా భావిస్తారు. అవి వేర్వేరు పనులు, వాటికి అనుమతులూ వేర్వేరుగానే ఉంటాయి. మాటతో పనులు చేసిపెట్టే ఫోన్‌లోని సహాయకాన్ని (ఆండ్రాయిడ్‌లో గూగుల్‌ది, ఐఫోన్‌లో సిరి) లేపే ‘హే గూగుల్’, ‘హే సిరి’ వంటి పదాలను ఇక్కడ నేను పిలుపు మాట అంటాను.

అపోహ: ఫోన్ నా గొంతును గుర్తుపడుతుంది కాబట్టి నా గొంతే దానికి తాళం.

నా మొదటి పాఠంలో చాలా సమయం ఈ ఒక్క ప్రయోగానికే పోతుంది. ఒకరి ఐఫోన్‌ను లాక్ చేసి బల్లమీద పెట్టమంటాను. పక్కన కూర్చున్నవారిని ‘హే సిరి’ అని పిలవమంటాను. సాధారణంగా ఫోన్ పలకదు, యజమాని ముఖంలో తృప్తి కనిపిస్తుంది. అప్పుడు అదే పక్కవారిని సైడ్ బటన్ నొక్కి పట్టుకుని, ఈ ఫోన్ ఎవరిదని అడగమంటాను. యజమాని తన పేరు, నంబరు ఉండే పరిచయ కార్డును అందులో నింపి ఉంటే, లాక్ తీయకుండానే ఆ వివరాలు తెరమీదికి వస్తాయి. ఆ తర్వాత ‘అమ్మకు ఫోన్ చెయ్యి’ అంటే, చాలా సందర్భాలలో అవతల నిజంగానే ఫోన్ మోగుతుంది. తృప్తి పోయి, ఇదెలా జరిగిందన్న ప్రశ్న మొదలవుతుంది. పాఠం అక్కడి నుంచే నడుస్తుంది.

జరిగింది ఇంతే. గొంతు పోలికను ఫోన్ చూసేది పిలుపు మాట వినిపించినప్పుడు మేల్కోవాలా వద్దా అని నిర్ణయించుకోవడానికి. బటన్ నొక్కినప్పుడు ఆ నిర్ణయం మనిషే చేశాడు కాబట్టి, ఆ తర్వాత మాట్లాడేది ఎవరన్న పరీక్ష జరగదు. ఐఫోన్‌లో 2015లో వచ్చిన ఐఓఎస్ 9 (ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి యజమాని గొంతుతో కొన్ని వాక్యాలు పలికించుకుని నమూనా తీసుకునే పద్ధతి మొదలైంది. దాని లక్ష్యం టీవీలో ఎవరో పిలిచినప్పుడో, పక్క గదిలో ఇంకొకరు పిలిచినప్పుడో మన ఫోన్ అనవసరంగా పలకకుండా చూడటం. ఆండ్రాయిడ్‌లో గొంతును గుర్తుపట్టే వాయిస్ మ్యాచ్ ఏర్పాటు చేసుకునేటప్పుడు, మీ గొంతును పోలిన గొంతుకు గానీ మీ గొంతు రికార్డింగుకు గానీ ఫోన్ స్పందించవచ్చని గూగుల్ స్వయంగా హెచ్చరిస్తుంది. ఆ తెరను చదవకుండా ముందుకు నొక్కేయడం మనందరికీ అలవాటు.

ఒకప్పుడు ఆండ్రాయిడ్‌లో స్మార్ట్ లాక్ కింద, గొంతుతోనే ఫోన్ తాళం పూర్తిగా తెరిచే వెసులుబాటు ఉండేది. భద్రత చాలదని దాన్ని తర్వాత తొలగించారు. పాత ఫోన్‌లో దానికి అలవాటు పడినవారు కొత్త ఫోన్‌లో అదెక్కడుందని ఇప్పటికీ వెతుకుతుంటారు. అక్కాచెల్లెళ్ల గొంతులు, తండ్రీకొడుకుల గొంతులు ఫోన్‌ను మోసగించడం నేను చాలాసార్లు చూశాను. అందుకే గొంతును తాళంగా కాక, తలుపు దగ్గర ‘ఎవరది?’ అని అడిగే పలకరింపుగా భావించమని చెబుతాను. తాళం మాత్రం పిన్, పాస్‌కోడ్, వేలిముద్ర, ముఖం, వీటిలో ఏదో ఒకటి.

అపోహ: లాక్ వేసి ఉంటే మాటతో ఏ పనీ జరగదు.

జరుగుతుంది, అయితే అన్నీ జరగవు. అలారం, టైమర్, వాతావరణం, పాటల వంటి వాటికి సాధారణంగా తాళంతో పని లేదు. ఫొటోలు చూపమన్నా, ఏదైనా యాప్ తెరవమన్నా ముందు లాక్ తీయమంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న భాగమే వివాదాస్పదం. కాల్ చేయడం, సందేశం పంపడం, వచ్చిన సందేశాన్ని చదివి వినిపించడం, క్యాలెండర్‌లో రేపటి పనులు చెప్పడం వంటివి ఇందులోకి వస్తాయి. వీటిని లాక్ స్క్రీన్ మీదనే అనుమతించాలా వద్దా అన్నది యజమాని ఎంపికకు వదిలిపెట్టారు. ఐఫోన్‌లో లాక్ చేసినప్పుడు సిరిని అనుమతించే స్విచ్ ఉంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ అసిస్టెంట్‌కు లాక్ స్క్రీన్ మీద వ్యక్తిగత ఫలితాలు చూపాలా అన్న స్విచ్ ఉంది. దాని స్థానంలోకి వస్తున్న జెమినీకి, లాక్ తీయకుండా వాడనివ్వాలా అన్న అమరిక విడిగా ఉంది. అసిస్టెంట్ నుంచి జెమినీకి మారినవారు పాత అమరికలే కొనసాగుతాయని అనుకోకుండా, ఒకసారి సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూసుకోవాలి.

గోడలో పగుళ్లు ఏర్పడిన సందర్భాలూ లేకపోలేదు. ఐఓఎస్ 9 విడుదలైన కొత్తలో, సిరిని అడ్డం పెట్టుకుని లాక్ చేసిన ఫోన్‌లోని పరిచయాలనూ ఫొటోలనూ చూడగలిగే లోపం బయటపడింది. ఐఓఎస్ 9.0.2 అప్‌డేట్‌లో దాన్ని సరిచేశారు. 2018లో, లాక్ స్క్రీన్ మీద దాచి ఉంచిన నోటిఫికేషన్లను కూడా కొన్ని యాప్‌ల విషయంలో సిరి చదివి వినిపిస్తోందని తేలింది. అది ఐఓఎస్ 11.3తో సర్దుకుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను నెలల తరబడి వాయిదా వేసేవారికి నేను ఈ రెండు ఉదాహరణలే చెబుతాను.

‘ఇంత గొడవ ఎందుకు, మొత్తం ఆపేస్తే పోదా’ అని కుటుంబ సభ్యులు అడుగుతారు. చేతులు చక్కగా పనిచేసేవారికి అది మంచి సలహానే, కాదనను. మెడ కింది భాగం కదలని మనిషికి ఆ స్విచ్ ఆపడమంటే, మంచం మీద నుంచి బయటి ప్రపంచాన్ని పిలవగల ఏకైక దారిని మూసేయడమే. అటువంటివారికి నేను కాల్ చేసే అనుమతిని ఉంచి, లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్లలోని విషయం కనిపించకుండా దాచిస్తాను. ఓటీపీలు సందేశాలుగా వస్తాయి కాబట్టి, మాటతో సందేశాలు చదివించే అనుమతి గురించి మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించమంటాను.

అపోహ: ఫోన్ రోజంతా మన మాటలన్నీ విని ఎక్కడికో పంపుతూ ఉంటుంది.

‘వినడం’ అనే ఒక్క మాట ఇక్కడ రెండు వేర్వేరు పనులను కప్పేస్తోంది. పిలుపు మాట కోసం వేచి ఉన్నప్పుడు ఫోన్‌లో పనిచేసేది అతి తక్కువ విద్యుత్తుతో నడిచే చిన్న ప్రాసెసర్. 2017లో ఆపిల్ తన పద్ధతిని వివరంగా ప్రచురించింది. దాని ప్రకారం మైకు నుంచి వచ్చే ధ్వనిని సెకనుకు 16,000 నమూనాలుగా తీసుకుని, సెకనులో నూరో వంతు చొప్పున ముక్కలు చేసి, ఒక్కో విడతలో ఇరవై ముక్కలను, అంటే సుమారు 0.2 సెకను ధ్వనిని, ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్ (పోలికలను పట్టేలా తర్ఫీదు పొందిన ప్రోగ్రామ్) పరిశీలిస్తుంది. అది వెతికేది ఒక్క పదబంధం పోలిక కోసమే. మన సంభాషణ అర్థం దానికి పట్టదు, పట్టేంత శక్తి కూడా దానికి లేదు. పోలిక ఉందనిపిస్తే ప్రధాన ప్రాసెసర్‌ను లేపుతుంది, అక్కడ ఇంకొంచెం పెద్ద నెట్‌వర్క్ అదే ధ్వనిని మళ్లీ తనిఖీ చేస్తుంది. ఈ మెట్లు దాటిన తర్వాతే మన ఆజ్ఞను అర్థం చేసుకునే పని మొదలవుతుంది. ఆ పని ఫోన్‌లోనే జరగవచ్చు, సర్వర్‌లోనూ జరగవచ్చు. 2021లో వచ్చిన ఐఓఎస్ 15 నుంచి ఏ12 బయోనిక్, ఆ తర్వాతి చిప్‌లున్న ఐఫోన్లలో, ఆ సౌకర్యం ఉన్న భాషలలో, మాటను గుర్తించే పని ఫోన్‌లోనే జరుగుతోంది.

అలాగని భయానికి ఆధారమే లేదనడం నిజాయితీ కాదు. మెట్లు దాటకూడని ధ్వనులు కూడా అప్పుడప్పుడు దాటుతాయి. 2020లో జర్మనీలోని బోకుమ్ రూర్ విశ్వవిద్యాలయం, మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు స్మార్ట్ స్పీకర్లను, అంటే ఫోన్‌లాగే పిలిస్తే పలికే స్పీకర్లను, పొరపాటున మేల్కొలిపే వెయ్యికి పైగా పదబంధాలను గుర్తించారు. అటువంటి పొరపాటు పిలుపుల రికార్డింగులను నాణ్యత పరీక్ష పేరిట మనుషులు వింటున్నారని 2019లో వార్తలు రావడంతో ఆపిల్, గూగుల్ ఆ పనిని నిలిపివేశాయి. వినియోగదారు ఒప్పుకుంటేనే రికార్డింగు దాచుకునే పద్ధతికి ఆ ఏడాది ఆపిల్ మారింది. అనుకోకుండా మేల్కొన్న సిరి గురించి వేసిన దావాలో, తప్పు ఒప్పుకోకుండానే 9.5 కోట్ల డాలర్లు చెల్లించే రాజీకి 2025 జనవరిలో ఆ సంస్థ సిద్ధపడింది. కాబట్టి నిరంతర ప్రసారం అన్నది అపోహ, అప్పుడప్పుడు జరిగే పొరపాటు రికార్డింగు అన్నది వాస్తవం. 2023 నుంచి కొన్ని భాషలలో ‘హే’ లేకుండా ఒట్టి ‘సిరి’ అన్నా పలికే వీలు కల్పించారు. పిలుపు ఎంత పొట్టిగా ఉంటే పొరపాటుకు అంత చోటు ఉంటుందన్నది నా అభిప్రాయం. అందుకే నేను పొడుగు పిలుపునే ఉంచమంటాను.

అపోహ: పిలుపు మాట పెడితే బ్యాటరీ హరించుకుపోతుంది.

పదేళ్ల కిందట ఇందులో కొంత నిజం ఉండేది. 2014లో ‘హే సిరి’ వచ్చినప్పుడు ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటేనే పనిచేసేది. మరుసటి ఏడాది ఐఫోన్ 6ఎస్‌తో, అంతకుముందే 2013లో మోటో ఎక్స్‌తో, ఈ పనికి విడిగా చిన్న ప్రాసెసర్ వచ్చాక ఆ ఇబ్బంది తొలగింది. తెర వెలుతురు తినే దానితో పోలిస్తే ఇది లెక్కలోకి వచ్చేది కాదు.

అపోహ: మనకు వినిపించని శబ్దంతో ఎవరైనా నా ఫోన్‌ను ఆడించగలరు.

ఇది పూర్తిగా కల్పన కాదు. 2017లో చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 20 కిలోహెర్ట్జ్ పైనున్న, మనిషి చెవికి అందని ధ్వనిలో ఆజ్ఞలను దాచి ఫోన్లకు వినిపించి చూపారు. 2019లో మిషిగన్ విశ్వవిద్యాలయం, టోక్యోలోని ఒక విశ్వవిద్యాలయం వారు మైకు మీద లేజర్ కాంతిని ప్రసరింపజేసి, 110 మీటర్ల దూరం నుంచి ఒక స్మార్ట్ స్పీకర్‌కు ఆజ్ఞ ఇచ్చారు. అయితే వీటికి ప్రత్యేక పరికరాలు, గురి, అనుకూలమైన దూరం కావాలి. అతిధ్వనులు రెండు మీటర్లలోపే పనిచేశాయి. అన్నీ కుదిరినా లాక్ చేసిన ఫోన్ తాళం తెరుచుకోదు, లాక్ స్క్రీన్ మీద మీరు అనుమతించిన పనులే జరుగుతాయి. మీ ఫోన్‌కు అసలు ముప్పు బల్లమీద వదిలిన ఫోన్ బటన్ నొక్కే పక్కమనిషి నుంచే ఎక్కువ.

అపోహ: చేతులు వాడటం లేదు కాబట్టి బండి నడుపుతూ మాటతో ఏ పని చేసినా క్షేమమే.

చేతులకు పని తప్పినంత మాత్రాన మనసుకు పని తప్పదు. అమెరికాలో రహదారి భద్రత మీద పనిచేసే ఏఏఏ ఫౌండేషన్ కోసం యూటా విశ్వవిద్యాలయం వారు చేసి 2015లో వెల్లడించిన అధ్యయనంలో, చిక్కు పెట్టే మాట ఆజ్ఞ ముగిసిన తర్వాత కూడా కొందరి ధ్యాస పూర్తిగా రోడ్డు మీదికి తిరిగి రావడానికి 27 సెకన్ల వరకు పట్టింది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు ఆ 27 సెకన్లలో 300 మీటర్లు దాటుతుంది. అన్నిటికంటే ఎక్కువ ధ్యాస లాగేసేది ఫోన్ మన మాటను తప్పుగా వినడం. రెండోసారి గొంతు పెంచి, మూడోసారి విసుక్కుని, నాలుగోసారి తెరవైపు చూస్తాం. మొదటిసారి వినకపోతే వదిలేయడం మంచిది.

అపోహ: పిలిస్తే పలకడం లేదంటే ఫోన్ పాడైనట్టే.

నాకు వచ్చే కాల్స్‌లో ఎక్కువ ఇవే. వీటి కారణాలు చాలామటుకు చిన్నవి. ఐఫోన్‌ను బోర్లా పెట్టినా, దాని మీద ఏదైనా కప్పినా పిలుపు మాట వినడం మానేస్తుంది. యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో దీన్ని మార్చుకోవచ్చు. బ్యాటరీ సేవర్ వేసి ఉంటే ఆండ్రాయిడ్‌లో ‘హే గూగుల్’ ఆగిపోవచ్చు. జలుబుతో గొంతు మారినప్పుడు పాత నమూనాతో పోలిక కుదరకపోవచ్చు.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పే కారణం రీస్టార్ట్. ఫోన్ ఆగి మళ్లీ మొదలైన తర్వాత, ఒక్కసారైనా పిన్ గానీ పాస్‌కోడ్ గానీ కొట్టేవరకు అందులోని సమాచారం చాలావరకు ఎన్‌క్రిప్షన్‌లోనే, అంటే చదవడానికి వీల్లేని రూపంలోనే, ఉంటుంది. ఆ దశలో పిలుపు మాట సాధారణంగా పనిచేయదు. ఎవరైనా బటన్ నొక్కి ఇచ్చినా పరిచయాల జాబితా ఫోన్‌కు అందుబాటులో ఉండదు కాబట్టి, పేరు చెప్పి కాల్ చేయించడం కుదరదు. ఇప్పుడు ఇంకో సంగతి తోడైంది. 2024లో వచ్చిన ఐఓఎస్ 18 కాలం నుంచి ఐఫోన్లు, 2025 నుంచి కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు, వరుసగా మూడు రోజులు లాక్ తీయకపోతే తమంతట తామే రీస్టార్ట్ అవుతున్నాయి. దొంగల చేతిలో పడిన ఫోన్‌కు ఇది మంచి రక్షణ. కానీ మాటతోనే అన్నీ చేయించుకుంటూ రోజుల తరబడి లాక్ తీయని మనిషికి, నాలుగో రోజు ఉదయం ఫోన్ మూగబోవడానికి ఇదే కారణం కావచ్చు. రాత్రివేళ తానే జరిగిపోయే అప్‌డేట్ కూడా ఇదే పని చేయగలదు. అందుకే మాట మీదే ఆధారపడిన వారి ఇంట్లో, రోజూ పొద్దున ఎవరో ఒకరు ఫోన్ లాక్‌ను ఒకసారి పిన్‌తో తీసి మళ్లీ వేసి, పిలుపు మాటతో ఒక టైమర్ పెట్టించి చూసిన తర్వాతే బయటికి వెళ్లే అలవాటు చేయిస్తున్నాను.