దూలం ఆకారం: అపోహలు – వాస్తవాలు

అపోహ: పట్టే కాంక్రీటు ఒకటే అయితే దూలం ఎలా పోసినా బలం ఒకటే.

వాస్తవం: హాలులో బీమ్ కిందికి కనిపించకూడదని, 230 మి.మీ. వెడల్పు, 450 మి.మీ. లోతు ఉన్న దూలాన్ని 450 వెడల్పు, 230 లోతుతో పోయమని ఇంటి యజమానులు నన్ను తరచూ అడుగుతుంటారు. వంపును తట్టుకొనే బలం వెడల్పును బట్టి నేరుగానూ, లోతును బట్టి దాని వర్గంగానూ పెరుగుతుంది కనుక ఆ మార్పుతో బలం చాలా తగ్గిపోతుంది. 25 మి.మీ. కవరు (కడ్డీలను కప్పి ఉంచే కాంక్రీటు), 8 మి.మీ. రింగు (కడ్డీల చుట్టూ కట్టే చుట్టు), 16 మి.మీ. కడ్డీలో సగం తీసేస్తే నిలువు దూలంలో పనికొచ్చే లోతు 409 మి.మీ., పడుకున్న దూలంలో 189 మి.మీ. మాత్రమే మిగులుతుంది. ఎం20 రకం కాంక్రీటుకూ 500 గ్రేడు స్టీలుకూ, లాగుడు వైపు (వంగినప్పుడు సాగే వైపు) కడ్డీలతోనే, కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం లెక్క కడితే, మొదటిది 102 కిలోన్యూటన్ మీటర్ల వంపు వరకు మోయగలిగితే రెండోది 43 దగ్గరే ఆగిపోతుంది. పగుళ్లు రాకముందు దృఢత్వంలో (వంగకుండా నిలిచే గుణంలో) తేడా ఇంకా ఎక్కువ, దాదాపు 3.8 రెట్లు, అందుకే అలాంటి దూలం విరగకపోయినా కిందికి వంగుతుంది, దానిపై కట్టిన గోడ చీలుతుంది.

అపోహ: స్లాబ్‌తో కలిపి పోసిన దూలం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా టి-బీమే (స్లాబ్‌ను కలుపుకొని టి అక్షరం ఆకారంలో పనిచేసే దూలమే).

వాస్తవం: మధ్యభాగంలో ఇది నిజం. అక్కడ నొక్కుడు పైన పడుతుంది, స్లాబ్ దాన్ని పంచుకుంటుంది. కాలమ్‌ల మీదుగా కొనసాగే 5 మీటర్ల దూలానికి 125 మి.మీ. స్లాబ్ ఉండి, పక్క దూలాలు తగినంత దూరంలో ఉంటే, 230 మి.మీ. దూలం స్లాబ్ సాయంతో మొత్తం సుమారు 1560 మి.మీ. వెడల్పు ఉన్నట్టు పనిచేస్తుంది. కాలమ్ దగ్గర వంపు తిరగబడి, స్లాబ్ లాగుడు వైపుకు చేరుతుంది. నొక్కుడు మోసేది అడుగునున్న 230 మి.మీ. వెడల్పే కాబట్టి అక్కడ దూలాన్ని దీర్ఘచతురస్రంగానే లెక్కించాలి. స్లాబ్ మీదికి పొడుచుకొచ్చేలా పోసే దూలంలో ఈ వరస సరిగ్గా తారుమారవుతుందని మరచిపోయిన డ్రాయింగులను నేను సరిదిద్దవలసి వచ్చింది.

అపోహ: లోతు పెంచినకొద్దీ మంచిదే.

వాస్తవం: దూలం లోతు 750 మి.మీ. దాటితే పక్క ముఖాల్లోనూ కడ్డీలు తప్పనిసరి. భూకంపాలను తట్టుకొనే ఫ్రేముల్లో లోతు, కాలమ్‌ల మధ్య ఖాళీ దూరంలో నాలుగో వంతు మించకూడదని అలాంటి కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 13920 చెబుతోంది.

అపోహ: ఆకారం డ్రాయింగులోనే తేలిపోతుంది.

వాస్తవం: కాలమ్ దగ్గరి పై కడ్డీలను కాంక్రీటు పోసేవాళ్లు తొక్కి 40 మి.మీ. కిందికి దించితే, బయటి కొలత 450 అలాగే ఉన్నా అక్కడి బలంలో సుమారు పదో వంతు పోతుంది. అందుకే పోత మొదలయ్యే ముందు సెంట్రింగ్ అడుగు నుంచి పై కడ్డీ దాకా టేపు పెట్టి కొలుస్తాను, పోత సాగుతున్నప్పుడు ఆ చోటే నిలబడి మళ్లీ చూస్తాను.